అనామతు పద్దు

డండీ రేవు మీది గాలి
కిటికీని వేళ్ళతో తడుతోంది.
మా ఆఫీసు అటక మీద పదహారు పెట్టెలు.
శుక్రవారానికల్లా దించేయాలట.
ఇంకా పెద్ద ట్రస్టులో మా ట్రస్టు కలిసిపోతోంది.
నది సముద్రంలో కలిసినట్టే అన్నారు మీటింగులో.
రుచి మారేది ఎవరికో చెప్పలేదు.

మొదటి పెట్టెలో తోలు అట్ట చిట్టా, 1874.
నూట యాభై ఏళ్ళు దాటినా తిమింగలం నూనె వాసన.
గిల్బర్ట్ లోరిమర్, జనపనార వ్యాపారి,
పోతూ పోతూ ముప్పై వేల పౌన్లు రాశాడు
"కష్టించే, తాగని, శుభ్రంగా ఉండే పేదల ఇళ్ళకు".
దానానికి వడ్డీ ఉంటుందంటే నేను మొదట నమ్మలేదు.
మూడో పేజీలో ఉంది: నాలుగు శాతం.

బెంగాల్లో నడుము లోతు నీళ్ళలో నిలబడి
నార ఊరబెట్టినవాళ్ళు
జమ వైపూ లేరు, ఖర్చు వైపూ లేరు.
మగ్గాల మోతకు చెవులు పోయిన ఆడవాళ్ళు మాత్రం
అద్దె వరసలో ఉన్నారు, పేరుపేరునా.
వాళ్ళ కూలిలో కోసిందే
గోడలై, గుమ్మాలై వాళ్ళకే తిరిగొచ్చింది,
వారం వారం అద్దెకు.

1915లో ఆరు వారాల పేజీలు తెల్లగా ఉన్నాయి.
అద్దె పెంచితే
మెట్ల మీద కూర్చుని పళ్ళాలు మోగించారట.
చిట్టాకు చప్పుడు రాయడం రాదు.
ఖాళీగా వదిలేసింది.

ఆ తర్వాత 1931, ఇష్బెల్ కినియర్ చేతిరాత.
ఈ ఊళ్ళో అంత గుండ్రటి అక్షరాలు నేను చూడలేదు.
రెండో అంతస్తు, శ్రీమతి డెవ్లిన్,
నాలుగు షిల్లింగుల ఆరు పెన్నీలు: వసూలైంది.
మరుసటి వారం: వసూలైంది.
నూట నలభై వారాలు వసూలైంది.
రోకడిలో మాత్రం ఒక్క పెన్నీ పడలేదు.

తేడా తేలక ఎవరో దాన్ని అనామతులో వేశారు.
ముప్పై ఒక్క పౌన్లు, పది షిల్లింగులు.
ఆడిటర్లు ఎర్ర పెన్సిలుతో "చూడాలి" అని రాశారు.
ఎవరూ చూడలేదు.
షిల్లింగులు పోయి పైసల లెక్క వస్తే
ముప్పై ఒకటిన్నర అయింది.
కంప్యూటర్ వచ్చాక అందులోకీ ఎక్కింది.
ఇరవై రెండేళ్ళు నేనూ మోశాను,
ఎవరి బిడ్డో తెలియకుండా చంకనెత్తుకున్నట్టు.

ఇప్పుడు మాకు ముప్పై ఎనిమిది వేల ఇళ్ళు,
ఎనభై కోట్ల పౌన్ల అప్పు.
లాభం అనకూడదు, మిగులు అనాలి.
పేదవాడి నెత్తి మీది కప్పు తాకట్టు పెడితేనే
ఇంకో పేదవాడికి కప్పు.
వడ్డీ అరశాతం పెరిగితే
ఎక్కడో ఒక వంటింట్లో బూజు మరో ఏడాది ఉంటుంది.
లోరిమర్ కట్టిన తొలి భవనం హోటలుకు అమ్మాం.
ఆ సొమ్ముతో పన్నెండు టవర్లకు గోడల తొడుగు మార్చాం.
తప్పని నేననను.
పత్రాల మీద మూడో సంతకం నాదే.

కొత్త ట్రస్టు తరఫున ఫార్కర్ టలక్ వచ్చాడు.
మర్యాదస్తుడు, బిస్కెట్లు కూడా తెచ్చాడు.
"ఈ ముప్పై ఒకటిన్నర కొట్టేద్దాం,
మీ దగ్గర కాగితం ఏమైనా ఉంటే తప్ప."
జేబులోంచి తీసి కట్టేద్దామనుకున్నాను.
కడితే లెక్క సరిపోతుంది.
సరిపోయిన లెక్కను మళ్ళీ ఎవరు తెరుస్తారు?

తొమ్మిదో పెట్టె అడుగున చీటీ దొరికింది,
గుండుసూది తుప్పు మరకతో.
అవే గుండ్రటి అక్షరాలు:
"డెవ్లిన్. మిల్లు మూశారు. పాపకు దగ్గు.
వచ్చే వారం అడుగుతాను."

తెర మీద "కారణం" అనే గడి మెరుస్తోంది.
"వచ్చే వారం అడుగుతాను" అని కొట్టాను.
సిస్టమ్ ఒప్పుకుంది.
బాకీ ముందుకు జరిగింది.

కింద లిఫ్టు దగ్గర ఫార్కర్
పెట్టెలు రెండోసారి లెక్కపెడుతున్నాడు.
పదిహేనే వస్తున్నాయట.